రజాకార్ అనే మాట

2020 అక్టోబరులో వాన హైదరాబాదును ముంచేసింది. 13వ తేదీ రాత్రి చెరువులు తెగి, పాతబస్తీ పక్కనున్న హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ లాంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అప్పుడు మేం పనిచేస్తున్న తెలుగు పత్రిక డెస్కుకు ఒక ఉర్దూ ప్రకటన అందింది. ముంపు ఇళ్ళకు అన్నం పొట్లాలు, దుప్పట్లు పంచుతున్న ఒక సంఘం పంపిన కాగితమది. ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక మౌల్వీ సాబ్ దాన్ని తన చేత్తో రాశారు. అందులో ఒక వాక్యం: 'హమారే రజాకార్ దిన్ రాత్ ఖిద్మత్ మే లగే హుయే హై.' మా రజాకార్లు రాత్రింబగళ్ళు సేవలో ఉన్నారు అని.

ఆ డెస్కు మీద ఉర్దూ చదవడం వచ్చినవాళ్ళం మేమొక్కరమే. మేం 'వాలంటీర్లు' అని రాశాం. పక్క కుర్చీలో కూచున్న మిత్రుడు అసలు కాగితంలో ఏముందో చదివి వినిపించమన్నాడు. వినిపించాం. అతను పడీపడీ నవ్వాడు. 'ఏంది భాయ్, మళ్ళ దిగిండ్రా రజాకార్లు?' అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. మాతో కలిసి చాయ్ తాగేవాడు, రంజాన్ నెలలో హలీంకు ముందుగా బయల్దేరేవాడు. ముంపు వార్తలు రాస్తూ ఆ వారమంతా సరిగా నిద్రపోనివాడు. అందుకే ఆ నవ్వు మాకు ఎక్కువ గుచ్చుకుంది. శత్రువు అన్న మాటైతే జవాబు చెప్పి ఊరుకునేవాళ్ళం.

ఆ రాత్రి ఇంటికి పోతూ మేం ఒకటే ఆలోచించాం. ఈ మాట ఎవరిది? ఎక్కడ పుట్టింది? నీళ్ళల్లో దిగి ముసలమ్మను భుజాన మోసుకొచ్చిన కుర్రాడి పేరు, ఊరు తగలబెట్టినవాడి పేరు ఒకటే ఎట్లా అయింది? తెలుగులో చదువుకుని ఉర్దూలో కలలు కనే మాలాంటివాళ్ళకు ఇది నిఘంటువులో తేలే విషయం కాదు. మా బతుకుల్లో తేలాల్సిన విషయం.

ముందుగా మాట సంగతి చూద్దాం.

రజాకార్ రెండు ముక్కల మాట. మొదటి ముక్క 'రజా'. ఇది అరబీ నుంచి వచ్చింది. ఇష్టం, సమ్మతి, తృప్తి అని అర్థం. రెండో ముక్క 'కార్'. ఇది ఫార్సీ. పని అనీ, మాట చివర చేరితే పని చేసేవాడు అనీ అర్థం. రెండూ కలిస్తే, తన ఇష్టంతో పని చేసేవాడు. ఎవరూ బలవంతపెట్టకుండా, జీతం అడగకుండా ముందుకొచ్చినవాడు. ఇంగ్లీషు వాలంటీర్ అన్న మాటకు మూలం కూడా ఇష్టం, సంకల్పం అనే అర్థమున్న లాటిన్ మాటే. అది కూడా మొదట్లో సైన్యంలో తనంత తానుగా చేరిన సిపాయికే వాడిన మాట. సంస్కృతం వైపునుంచి వచ్చిన స్వయంసేవక్ అర్థమూ ఇదే. మూడు భాషలు, మూడు మాటలు, అర్థం ఒక్కటే. మూడూ ఏదో ఒక కాలంలో యూనిఫాం తొడుక్కున్నవే. ఐతే వాలంటీర్ అన్న మాటను ఈ రోజున ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎవరూ తిట్టుగా వాడరు. మూడోదాన్ని కొందరు గర్వంగా చెప్పుకుంటారు. రజాకార్ ఒక్కటే మా నెత్తిన పడింది.

'కార్' తెలుగువాళ్ళకు పరాయిది కాదు. సర్కారు అనేటప్పుడు అది మీ నోట్లోనే ఉంది. తెలంగాణ రైతును కాస్తుకారు అన్నప్పుడు ఉంది. మచిలీపట్నం, శ్రీకాళహస్తి పేర్లు చెప్పి గర్వపడే కలంకారీలో ఉంది. కలంతో చేసే పని కనక కలంకారీ. 'రజా' కూడా అంతే దగ్గరి చుట్టం. గొడవపడ్డ అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు రాజీ పడతారు చూడండి, ఆ రాజీ ఈ రజా కడుపున పుట్టిందే. మంత్రిగారు రాజీనామా చేశాడని మేం రోజూ వార్తలు రాస్తాం. అదీ ఈ ఇంటి బిడ్డే. ఉర్దూలో రాజీనామా అంటే ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకున్న కాగితం. ఉద్యోగం వదులుకోవడాన్ని ఉర్దూలో ఇస్తీఫా అంటారు. వెనకటి రెవెన్యూ కచేరీల్లో రైతు తన ఇష్టంతో భూమి వదులుకుంటూ రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనేవాళ్ళు. తెలుగులో ఆ వదులుకోవడమే నిలబడింది. మరాఠీలో రజా అంటే సెలవు. అడిగి, ఒప్పించుకుని తీసుకునేది కాబట్టి సెలవైంది.

మా ఇళ్ళల్లోనైతే ఈ మాట లేకుండా పొద్దు గడవదు. రజియా, రిజ్వాన్, ముర్తజా, అలీ రజా అని మేం పిల్లలకు పెట్టుకునే పేర్లన్నీ ఈ ధాతువు నుంచి వచ్చినవే. చావు ఇంట్లో పెద్దలు 'అల్లా కీ రజా' అని కళ్ళు తుడుచుకుంటారు. నిఖాలో పెళ్ళికూతురి రజామందీ లేకుండా ఖాజీ ముందుకు పోలేడు. అంటే మా మతంలో, మా ఇళ్ళల్లో 'రజా' ఉన్నచోట బలవంతం ఉండకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత చెప్పబోయే కథలో ఈ మాటకు జరిగిన అసలు అన్యాయం ఇక్కడే ఉంది.

ఇంకో విచిత్రం. మాటలోని రెండు ముక్కలూ ఇరానీయులకు తెలిసినవే అయినా, వాలంటీరును వాళ్ళు మామూలుగా దావ్‌తలబ్ అంటారు. రజాకార్‌ను ఈ అర్థంలో చెలామణిలోకి తెచ్చింది మా ఉర్దూ. 1920 ప్రాంతంలో ఖిలాఫత్ ఉద్యమం నడిచినప్పుడు, సభల్లో జనాన్ని అదుపుచేసి, చందాలు పోగుచేసి, జైళ్ళకు పోయిన కార్యకర్తలను రజాకార్లనేవాళ్ళు. గాంధీజీ, అలీ సోదరులు ఒకే వేదిక మీద కూచున్న రోజులవి. ఆనాటి రజాకార్ బ్రిటిషువాడి లాఠీ తిన్నవాడు. ఇది మా పిల్లలకు ఏ పాఠంలోనూ రాదు.

సైన్యం మాటలు సామాన్యంగా దండులో పుట్టి ఊళ్ళోకి వస్తాయి. వచ్చేటప్పుడు కత్తి బయట పెట్టి వస్తాయి. ఉర్దూ సంగతే చూడండి. తుర్కీలో 'ఓర్దూ' అంటే సైన్యం, సైనిక విడిది. ఆ విడిది మాట నుంచి వచ్చిన పేరు ఇవాళ గజళ్ళ భాషకు పేరైంది. లష్కర్ అంటే ఫార్సీలో సైన్యం. సికింద్రాబాదులో ఇంగ్లీషువాళ్ళ దండు దిగితే జనం ఆ చోటును లష్కర్ అన్నారు. ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి ఆషాఢంలో బోనం ఎత్తుకుపోయే ఆడపడుచులు లష్కర్ బోనాలు అంటారు. అమ్మవారి పండుగ పేరులో ఫార్సీ మాట ఉందని ఎవరికీ ఇబ్బంది లేదు. కృష్ణా గోదావరి కాలవల మీద తూములెత్తి దించే ఉద్యోగిని లస్కరు అంటారు. అదీ ఈ లష్కరే. సైన్యం మాట అక్కడ నీళ్ళు పారించే మాట అయింది. తుపాకి తుర్కీ నుంచి వచ్చింది, సిపాయి ఫార్సీ నుంచి వచ్చాడు. ఇద్దరూ తెలుగువాళ్ళైపోయారు.

రజాకార్ మాత్రం దీనికి ఎదురు నడిచింది. సేవ చేసేవాడి మాటగా ఉండి దండులోకి పోయింది. పోయి రక్తం పూసుకుని తిరిగొచ్చింది. ఆ తిరుగుడంతా మా ఊళ్ళ మీదుగానే జరిగింది.

హైదరాబాదు సంస్థానంలో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో పుట్టింది. బహదూర్ యార్ జంగ్ దాని నాయకుడైన తర్వాత దానికి జనబలం వచ్చింది. ఆయన గొప్ప వక్త. ఆయన కాలంలోనే 'అనల్ మలిక్' అనే నినాదం లేచింది. నేనే రాజును అని దాని అర్థం. నిజాం ఒక్కడే రాజు కాదు, సంస్థానంలోని ప్రతి ముస్లిమూ రాజరికంలో వాటాదారే అని ఆ నినాదం చెప్పింది. సంస్థానం జనాభాలో ముస్లింలు అప్పుడు నూటికి పదమూడు మంది. వాళ్ళల్లో జాగీర్లున్నవాళ్ళు ఎందరు? బండి తోలేవాళ్ళు, దూదేకేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, కచేరీల దగ్గర చప్రాసీలు ఎందరు? పొయ్యి మీదికి జొన్నలు లేనివాడి చెవిలో నువ్వు రాజువని చెప్పారు. కడుపు నిండకపోయినా ఛాతీ ఉబ్బింది. మా వాళ్ళకు జరిగిన మొదటి మోసం ఇదేనని మేం అనుకుంటాం.

మజ్లిస్‌కు వాలంటీరు దళంగా రజాకార్ల సంస్థ ఏర్పడింది. మొదట్లో అది కవాతులు, సభల బందోబస్తు వరకే. 1944లో బహదూర్ యార్ జంగ్ చనిపోయాడు. 1946 చివరికి లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకుడయ్యాడు. రజ్వీ అనే ఇంటిపేరు ఇమాం అలీ రజా వంశానిదని చెప్పుకునేవాళ్ళు పెట్టుకునేది. అంటే నాయకుడి పేరులోనూ దళం పేరులోనూ అదే రజా! కాని ఆ దళం ఊళ్ళల్లో చేసిన పనిలో రజా ఎక్కడా లేదు. ఖాకీ బట్టలు, కత్తులు, బరిసెలు, భర్మార్లు పట్టుకుని ఊళ్ళ మీద పడ్డారు. ఊరికి నెలకింతని వసూలు పెట్టారు, ఇవ్వనిచోట దోపిడీ చేశారు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో బురుజు మీది నుంచి ఎదిరించిన ఊరిని నిజాం బలగాలతో కలిసి చుట్టుముట్టారు. వందమంది దాకా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆడవాళ్ళ మీద జరిగిన దురాగతాలను ఆ ఊళ్ళ ముసలమ్మలు బతికున్నన్నాళ్ళూ చెప్పుకుని ఏడ్చారు. ఇందులో ఒక్క ముక్కను కూడా మేం కాదనడం లేదు. కాదన్నవాడు మా వాడైనా సరే, అబద్ధమాడుతున్నట్టే.

ఐతే కథ ఇక్కడ ఆపేసేవాళ్ళను మేం కొన్ని ప్రశ్నలు అడగాలి. రజాకార్లు ముస్లింల దళం అన్నది నిజం. ముస్లింలంతా రజాకార్లు అన్నది ఎట్లా నిజమవుతుంది? విసునూరు దేశ్‌ముఖ్‌తో తన భూమి కోసం కొట్లాడి, సాయుధ పోరాటానికి ముందే ప్రాణాలిచ్చిన షేక్ బందగీ ఎవరు? 'మా భూమి' నాటకానికి ప్రాణం పోసింది ఎవరి చావు? కమ్యూనిస్టు పార్టీ జెండా పట్టిన మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? రైతులను అణచడానికి రజాకార్ల అండ తీసుకున్న దొరల్లో ముస్లిమేతరులు లేరా? దొరల గడీల్లో రజాకార్ల మకాంలకు వంటలెవరు చేయించారు?

ఒక జర్నలిస్టుగా మేం షోయబుల్లాఖాన్ పేరు చెప్పకుండా ఈ కథ ముగించలేం. ఆయన 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకుడు. హైదరాబాదు హిందూస్థాన్‌లో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆపాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి పోతుంటే ఆయన మీద దాడి చేశారు. రాసిన చెయ్యిని నరికేశారు. తెల్లారేసరికి ఆయన లేడు. వయసు ముప్పై కూడా నిండలేదు. రజాకార్ల కత్తికి బలైన ఈ సంపాదకుడు ముస్లిం. ఆయన రాసిన భాష ఉర్దూ. ఆ ఆగస్టులోనే ఏడుగురు ముస్లిం ప్రముఖులు సంతకాలు చేసి ఒక ప్రకటన ఇచ్చారు. రజాకార్ల దళాన్ని రద్దు చెయ్యాలని, సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరాలని అందులో కోరారు. బాకర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా వాళ్ళల్లో ఉన్నారు. ఫరీద్ మీర్జా రజాకార్ల దౌర్జన్యాలు చూడలేక సర్కారు నౌకరీ వదులుకున్న మనిషి. రాజీనామా అన్న మాటకు గౌరవం తెచ్చినవాడాయన. రజా అనే మాటను నిజంగా బతికించినవాళ్ళు వీళ్ళు. రజాకార్ అనే బిరుదు ఎవరికైనా ఇవ్వాలంటే వీళ్ళకివ్వాలి.

సెప్టెంబరు 13న ఇండియన్ సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు రేడియోలో ప్రకటించి, రజాకార్లను నిషేధించాడు. అయిదు రోజుల్లో యుద్ధం ముగిసింది. ఆ తర్వాత జరిగింది మాత్రం పుస్తకాల్లోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

మా దాదా నారాయణఖేడ్ వైపు ఒక ఊళ్ళో దర్జీ. ఆ తాలూకా అప్పట్లో బీదర్ జిల్లాలో ఉండేది. 1948 ఎండాకాలంలో ఖాకీ గుడ్డ తాను ఒకటి తెచ్చి ఆయన ముందు పడేశారు. పన్నెండు జతలు కుట్టమన్నారు. కూలి ఎంతని ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వద్దనే ధైర్యం ఆయనకు లేదు. దాదీ చెప్పేది, ఆ పన్నెండు జతలు కుట్టినన్నాళ్ళూ ఆయన అన్నం సరిగా తినలేదని. ఒక జత మీద గుండీలు వంకరగా కుట్టాడని ఒకడు చెంప మీద కొట్టాడట. ఇష్టంతో పనిచేసేవాళ్ళ బట్టలు ఇష్టం లేకుండా కుట్టిన మనిషి ఆయన.

సెప్టెంబరులో గాలి తిరిగింది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కబుర్లు రావడం మొదలైంది. ఇంట్లో మిగిలిన ఖాకీ పీలికలు అప్పటిదాకా చెత్త. ఒక్క రాత్రిలో అవి సాక్ష్యమయ్యాయి. దాదీ వాటిని పొయ్యిలో పెట్టి కాల్చింది. గుడ్డ కాలిన వాసన బయటికి పోతుందని భయపడి మీద మిరపకాయలు వేసిందట. తెల్లవారుజామున వెనక ఇంటి పద్మశాలి వచ్చి, 'సాయబన్నా, పిల్లల్ని పట్టుకొని మా మగ్గం గుంటలకు దిగుండ్రి' అన్నాడు. మూడు రోజులు మా కుటుంబం మగ్గం గుంటలో ఉంది. పైన ఆయన నేత నేస్తూనే ఉన్నాడు. దాదా తమ్ముడు మాత్రం సంతకు పోయి తిరిగి రాలేదు. ఆయన ఏ దళంలోనూ లేడు. ఆయన తలమీది టోపీయే ఆయన దళం అనుకున్నారు.

ఇది మా ఇంటి కథ మాత్రమే అయితే మేం ఇక్కడ రాసేవాళ్ళం కాదు. నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు చివర్లో వచ్చి, డిసెంబరు మూడోవారం దాకా జిల్లాలు తిరిగారు. వాళ్ళ నివేదికలో రజాకార్ల దుర్మార్గాలున్నాయి. పోలీసు యాక్షన్ సమయంలోనూ తర్వాతా ఎంత తక్కువగా లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని కూడా ఉంది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ నివేదిక బయటికి రాకుండా దశాబ్దాలు గడిచాయి. పరిశోధకులకు, పాఠకులకు పూర్తిగా చేతికందింది 2013లో. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. ముస్లిం నేతగాళ్ళను హిందూ నేతగాళ్ళు తమ ప్రాణాలకు తెగించి కాపాడారని. అది చదివిన రోజు మాకు మగ్గం గుంట గుర్తొచ్చింది. దాదీ చెప్పినది కట్టుకథ కాదని కాగితం మీద చూసి మేం ఏడ్చాం.

ఖాసిం రజ్వీ జైలులో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. ఆయన వెళ్ళిపోయాడు, ఆయన మాట ఇక్కడే ఉండిపోయింది. వెళ్ళడానికి చోటులేని మాలాంటి దర్జీల, దూదేకులవాళ్ళ పిల్లల మెడకు చుట్టుకుంది. ఎకరం పొలం గట్టు తగాదాలో 'రజాకారోని మనవడివి గదా' అన్నారు. క్రికెట్ ఆటలో అన్నారు. అద్దె ఇల్లు అడిగినప్పుడు మొహం మీద అనకపోయినా మేం తలుపు దాటాక అన్నారు. కొన్ని ఊళ్ళల్లో మాట మూలం తెలియక 'రాజాకార్లు' అంటారు, రాజుగారి మనుషులని అర్థం చెప్పుకుంటారు. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఆ మాటను మెల్లగా నోటినుంచి తీసేశారు. ఉర్సులో నీళ్ళు పంచేవాణ్ణి, ఇజ్తిమాలో చెప్పులు కాపలా కాసేవాణ్ణి వాలంటీర్ అన్నారు, కార్‌కున్ అన్నారు. ఉర్దూ మాట నోటిదాకా వచ్చినా మింగేసి ఇంగ్లీషు మాట వాడటం నేర్చుకున్నారు. ఇక్కడివాడు కాని మౌల్వీ సాబ్‌కు మాత్రమే ఆ మాటను అంత హాయిగా రాయడం సాధ్యమైంది.

ఈ మాటకు ఇట్లాంటి గతి పట్టింది ఒక్క హైదరాబాదులోనే కాదు. 1971లో తూర్పు పాకిస్తాన్‌లో సైనిక పాలకులు ఒక ఆర్డినెన్సు తెచ్చి, అప్పటిదాకా ఉన్న అన్సార్ దళం స్థానంలో రజాకార్ దళాన్ని పెట్టారు. వాళ్ళు పాకిస్తాన్ సైన్యానికి దారి చూపించారు, సొంత ఊరివాళ్ళనే పట్టించారు. అక్కడ చంపినవాళ్ళల్లోనూ ముస్లింలున్నారు, చచ్చినవాళ్ళల్లోనూ ముస్లింలున్నారు. బంగ్లాదేశ్‌లో రజాకార్ అంటే ద్రోహి. 1980ల చివర హుమాయూన్ అహ్మద్ రాసిన టీవీ నాటకంలో ఒక చిలక 'నువ్వు రజాకార్‌వి' అని అరిస్తే దేశమంతా చెప్పుకున్నారు. ఐతే తిట్టును పాలకులు ఎట్లా వాడుకుంటారో కూడా ఆ దేశమే చూపించింది. 2024 జూలైలో ఉద్యోగాల కోటా మీద విద్యార్థులు ఆందోళన చేస్తుంటే ప్రధాని షేక్ హసీనా రజాకార్ల మనవళ్ళ ప్రస్తావన తెచ్చింది. ఆ రాత్రి ఢాకా విశ్వవిద్యాలయం పిల్లలు రోడ్ల మీదికొచ్చి, మేమెవరం, మీరెవరు, రజాకార్లం అంటూ ఆ తిట్టునే నినాదం చేసుకున్నారు. ఆగస్టు 5న ఆమె దేశం వదిలి పోవాల్సి వచ్చింది.

అటు పాకిస్తాన్‌లో ఇదే మాట ఇంకో దారిలో నడిచింది. అక్కడి ఉర్దూ పత్రికల్లో పోలియో చుక్కలు వేసే కార్యకర్త పోలియో రజాకార్. వాళ్ళల్లో ఆడవాళ్ళు చాలామంది. తీవ్రవాదుల తూటాలకు వాళ్ళల్లో ఎందరో బలయ్యారు. పసిబిడ్డ కాళ్ళు చచ్చుబడకూడదని చుక్కల సీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ప్రాణం పోగొట్టుకున్న ఆ తల్లి కూడా రజాకారే. ఒక మాటలో ఇందరున్నారు. ఏ ఒక్కరినీ చూపించి మిగతావాళ్ళను కప్పెయ్యడం కుదరదు.

ఇప్పుడు మా కాలానికొద్దాం. ఏటా సెప్టెంబరు 17 వస్తుంది. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలో ప్రభుత్వాలకే కుదరడం లేదు. 2022లో కేంద్రం విమోచన దినమంది, రాష్ట్రం సమైక్యతా దినమంది. 2024లో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. 2024 మార్చిలో 'రజాకార్' పేరుతోనే తెలుగు సినిమా వచ్చింది. ఆ రోజుకు పేర్లు మారుతున్నాయి గాని, ఆ రోజు మా మీద పడే చూపు మారడం లేదు.

ఒక ఏడు మా అబ్బాయి చదివే బడిలో ఆ రోజుకని నాటకం వేశారు. వాడికి రజాకార్ వేషం ఇచ్చారు. 'నీకు ఉర్దూ వచ్చు గదా, డైలాగు బాగా చెప్తావు' అన్నారట టీచరమ్మ. ఆమె ద్వేషంతో అని ఉండరు. వాడు చెక్క తుపాకీ దొరికిందని సంతోషంగా ఇంటికొచ్చాడు. 'అబ్బా, రజాకార్ అంటే ఏంటి?' అని అడిగాడు. పాతికేళ్ళుగా రెండు భాషల మధ్య మాటలు అటూ ఇటూ మోస్తున్న మేం ఆ పిల్లవాడి ముందు నోరు తెరవలేకపోయాం. ఇష్టంతో పనిచేసేవాడని చెబితే నాటకం అబద్ధమవుతుంది. ఊళ్ళు తగలబెట్టినవాడని చెబితే వాడి భాష వాడికి భయమవుతుంది. చివరికి రెండూ చెప్పాం. దర్జీ కథ చెప్పాం. మగ్గం గుంట కథ చెప్పాం. షోయబుల్లాఖాన్ కథ చెప్పాం. వాడు చాలాసేపు ఊరుకుని, 'ఆయన వేషం లేదా మా నాటకంలో?' అన్నాడు.

మరునాడు బడికి పోయి టీచరమ్మతో మాట్లాడాం. మా వాడి వేషం మార్చమని మేం అడగలేదు. రజాకార్ల దుర్మార్గం పిల్లలకు చూపించాల్సిందే. ఇంకొక్క వేషం కలపమన్నాం. కలం పట్టిన ముస్లిం యువకుడు ఒకడు వచ్చి రెండు మాటలు చెప్పి చచ్చిపోతే చాలన్నాం. ఆమె ఆ పేరు మొదటిసారి విన్నానని చెప్పి, కాగితం మీద రాసుకున్నారు. ఈసారికి టైము లేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు. మా వాడు రజాకార్ వేషం వేశాడు. డైలాగు బాగా చెప్పాడని అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చే ఏడు నాటకమే లేదు.

ఆ మాటను మాకు తిరిగి ఇచ్చెయ్యమని మేం అడగడం లేదు. భైరాన్‌పల్లి వాళ్ళకు ఆ మాట వింటే ఏమవుతుందో మాకు తెలుసు. వాళ్ళ గాయం మీద మా నిఘంటువు పరిచే హక్కు మాకు లేదు. మేం అడిగేది చిన్నది. ఆ మాటకు ఒక తారీఖు పెట్టండి. 1947, 48 నాటి రజాకార్లని చెప్పండి, వాళ్ళ నాయకుల పేర్లు చెప్పండి, వాళ్ళకు అండగా నిలబడ్డ దొరల పేర్లూ చెప్పండి. వాళ్ళు చంపిన ముస్లిం సంపాదకుడి పేరు కూడా చెప్పండి. అంతేగాని, నిన్న పుట్టిన పిల్లవాణ్ణి ఆ మాటతో పిలవకండి. మా వాళ్ళకూ ఒక మాట. ఖాసిం రజ్వీని తలచుకుని మీసం తిప్పే పెద్దలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఆ మీసం ఖరీదు కట్టింది సంతకు పోయి రాని మనుషులని వాళ్ళు తెలుసుకోవాలి.

అప్పుడప్పుడూ డెస్కు మీదికి ఉర్దూ ప్రకటనలు వస్తూనే ఉంటాయి. రక్తదాన శిబిరమనో, ముంపు సాయమనో. మౌల్వీ సాబ్ ఇప్పటికీ రజాకార్ అనే రాస్తారు. మేం ఇప్పటికీ వాలంటీర్లు అనే తెలుగు చేస్తున్నాం. రాసిన ప్రతిసారీ, పన్నెండు జతల ఖాకీ కుట్టిన మనిషి చేతులు గుర్తొస్తాయి.